మాటల చుట్టరికములు

(నిమ్‌పురాలో మన సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో నేను ఉపన్యాసము చేయవలసియున్నదని మా కార్యాలయములోని వంగ మిత్రునితో చెప్పగా ఆయన కనులు పెద్దవి చేసి, "ఎన్ని పుటలు? అచ్చునకు ఇచ్చితిరా?" అని అడిగెను. వంగభాషలో ఉపన్యాసమనగా నవల. సంస్కృతమున ఆ మాటకు మూలార్థము దగ్గర ఉంచుట, ఎదుట పెట్టుట. తెలుగువాడు సభ ఎదుట తన వాదమును పెట్టినాడు; వంగీయుడు పాఠకుని ఎదుట కథను పెట్టినాడు. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో రాజశేఖర చరిత్రమును వెలువరించునాటికి మనకు ఉపన్యాస శబ్దము వేరొక పనిలో కుదురుకొని యుండెను. కావుననే ఆ కొత్త ప్రక్రియకు ఇంగ్లీషు మాటనే కొంచెము తెలుగు చేసి నవల అని పేరు పెట్టుకొంటిమి. ఒకే తల్లి మాట రెండిండ్లలో పెరిగి రెండు ఉద్యోగములు చేయుచున్నదన్నమాట. ఉద్యోగమన్నను చిక్కే, వంగభాషలో ఉద్యోగమనగా ప్రయత్నము, పూనిక. కొలువు కాదు.

నాకిచ్చిన విషయము పాత ఇంగ్లీషునకును నార్వే భాషకును మధ్యగల మాటల పుట్టుపూర్వోత్తరములు. నిమ్‌పురాలో నార్వే గొడవ మనకేల అని కొందరు తమలో తాము అనుకొనుచుండవచ్చును. నార్వే మనకు దూరమే. ఐనను, దగ్గరి చుట్టములైన రెండు భాషలవారు ఒకే వీధిలో కాపురముండినచో మాటలకేమగునో తెలిసికొనుటకు లోకములో అంతకంటె చక్కని ఉదాహరణము తక్కువ. ఒకే వీధిలో పలు భాషల కాపురమనగా ఏమో ఖరగ్‌పూరువారికి వేరుగ చెప్పనక్కరలేదు.

చరిత్రను క్లుప్తముగా ముగించెదను. 793వ సంవత్సరమున సముద్రముమీద వచ్చిన వైకింగులు ఇంగ్లండు ఈశాన్య తీరమందలి లిండిస్‌ఫార్న్ మఠమును కొల్లగొట్టిరి. మొదట దోపిడికాండ్రు వచ్చిరి. వారి వెనుక నాగలి పట్టువారు వచ్చిరి. తూర్పు భాగములలో డెన్మార్కువారు, వాయవ్యమునను షెట్లండు, ఆర్క్‌నీ దీవులలోను నార్వేవారు స్థిరపడిరి. వీరి భాషను ప్రాచీన నార్స్ భాష యందురు. నేటి నార్వే, డెన్మార్కు, స్వీడను, ఐస్లండు భాషలకు అది తల్లి. ఆనాటి ఇంగ్లీషువాడును నార్స్‌వాడును ఎవరి భాష వారు మాటలాడినను ఒకరి భావము ఒకరికి చాలవరకు తెలియుచుండెనని పండితుల అభిప్రాయము. రెండు భాషలకును మూలము ఒక్కటే.

ఇట్టి కలయికలో ఏ ఇంటి మాట నిలుచునో ముందుగా ఎవరును చెప్పజాలరు. 1490లో ఇంగ్లండునందలి తొలి ముద్రాపకుడు కాక్స్‌టన్ తాను అచ్చువేసిన ఒక గ్రంథపు పీఠికలో ఒక ముచ్చట వ్రాసినాడు. కొందరు వర్తకులు థేమ్సు నదిలో ఓడ ఎక్కి విదేశమునకు పోవుచు, గాలి లేక తీరమున ఆగిరి. వారిలో ఒకడు ఒక యింటికి పోయి ఇల్లాలిని తినుటకు ఏమైన పెట్టుమనియు, ముఖ్యముగా 'ఎగ్గులు' కావలెననియు అడిగెను. ఆమె తనకు ఫ్రెంచి రాదనెను. అతనికి కోపము వచ్చినది. తనకును ఫ్రెంచి రాదు, తాను అడుగుచున్నది గ్రుడ్లు! చివరకు వేరొకడు 'ఐరెన్' కావలెననగా ఆమెకు తెలిసినది. ఐరెన్ అన్నది ఇంగ్లీషు పుట్టింటి మాట. ఎగ్ నార్స్‌వారి మాట. నేడు ఇంగ్లీషు బడిలో మన పిల్లలు నేర్చునది ఎగ్; నార్వేలో నేటికిని గ్రుడ్డును ఎగ్ అనియే యందురు. ఇంటి కోడలు అత్తింటిని ఏలుకొన్నట్లు వచ్చిన మాట నిలిచి ఉన్న మాట పోయినది. అంతకంటె వింత, 'వారు' అను అర్థమిచ్చు 'దె' అను సర్వనామము సైతము నార్స్ భాషనుండి వచ్చినదే. భాషలు వస్తువుల పేర్లు ఎరువు తెచ్చుకొనుట సామాన్యము. సర్వనామము తెచ్చుకొనుట మాత్రము పొరుగింటి పొయ్యినే తెచ్చుకొన్నట్లు.

కొన్ని తావుల రెండు మాటలును నిలిచి, ఆస్తి పంచుకొన్నవి. షర్టు, స్కర్టు ఒకే మాటకు రెండు రూపములు. మొదటిది ఇంగ్లీషువారిది, రెండవది నార్స్‌వారిది. ఒకటి నడుమునకు పైకి, ఒకటి క్రిందికి పోయినది. మనకిది కొత్తగాదు. యాత్ర, జాతర ఒకే మాట. కాశికి పోయినచో యాత్ర, ఊరి అమ్మవారికి చేసినచో జాతర. దృష్టి, దిష్టి ఒకే మాట. మొదటిదానికి కంటి వైద్యుడు కావలెను, రెండవదానికి ఎండుమిరపకాయలు చాలును.

ఇక మన ముంగిటికి వత్తము. నిమ్‌పురా పేరు చెప్పగానే రైలు ఉద్యోగికి జ్ఞప్తికి వచ్చునది మార్షలింగ్ యార్డు. ఈ రెండు మాటలలోను యూరపు ఖండపు పాత పల్లెటూరు దాగియున్నది. మార్షల్ అను మాట జర్మను మూలపుది, ఫ్రెంచివారి ద్వారా ఇంగ్లీషునకు వచ్చినది. అందు మొదటి ముక్క గుఱ్ఱము, రెండవ ముక్క సేవకుడు. గుఱ్ఱపుశాలలో దాణా పెట్టువాడు క్రమముగా సేనలను తీర్చువాడై, తుదకు సేనాపతియై, ఆపై మన యార్డులో వ్యాగనులను తీర్చు పనికి పేరిచ్చినాడు. ఆ రెండవ ముక్క నార్వే భాషలో 'స్కాల్క్' అను రూపమున మిగిలియున్నది. అర్థము మాత్రము దిగజారినది: నేడు స్కాల్క్ అనగా కొంటెవాడు, రొట్టె కొసముక్కకును అదే పేరు. ఒకే మాట ఒక ఇంట సేనాపతి, ఒక ఇంట రొట్టెముక్క!

యార్డు పాత ఇంగ్లీషులో కంచె వేసిన తావు. నార్స్‌లో గార్ద్, నేటి నార్వేలో గోర్, అనగా వ్యవసాయ క్షేత్రము, కమతము. మన పిల్లలు సినిమాలలో దేవతల నగరమని చూచు ఆస్‌గార్డులోని గార్డు ఇదే. ఆస్‌లనగా వారి పురాణములలోని దేవతలు. వారి ఆవరణమే ఆస్‌గార్డు. సంస్కృతములోని గృహ శబ్దమునుకూడ పండితులు దీనికి చుట్టముగనే చెప్పుదురు. నిమ్ అనగా వేప, పుర మనగా ఊరు. మాటనుబట్టి నడచినచో నిమ్‌పురా యార్డు వేపలవూరి గృహమగుచున్నది. రాత్రి విధులలో యార్డులోనే కాలము గడుపువారి ఇల్లాండ్రు ఈ వ్యుత్పత్తికి ఆక్షేపణ చెప్పరనుకొందును.

గేటు అను మాటయును ఇట్టిదే. ఇంగ్లీషు గేటు ద్వారము. నార్స్ భాషలో గాత అనగా త్రోవ, నేటి నార్వేలో గాతె అనగా వీధి. ఇంగ్లండులోని యార్కు నగరము ఒకప్పుడు నార్స్‌వారి చేతిలో నుండుటచే అచ్చట మికిల్‌గేట్, కొప్పర్‌గేట్ అను పేర్లు వీధులకు నిలిచినవి. కోట ద్వారమును అచ్చట గేటనక బార్ అందురు. నార్వే దేశస్థుడు మన గేటుబజారునకు వచ్చి పేరు వినినచో వీధిబజారని సరిపెట్టుకొని, గేటుకొరకు వెదకక సుఖముగా కూరలు కొనుక్కొని పోవును.

ఈ ఊరిలో మన తాతలు పట్టిన పనుల పేర్లలో గ్యాంగుమన్ ఒకటి. బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఇచ్చట స్టేషనును, కర్మాగారమును నెలకొల్పిన ఇరువదవ శతాబ్దారంభము మొదలు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ, గంజాము ప్రాంతములనుండి వచ్చిన తెలుగు కుటుంబములలో గ్యాంగు పనికి రాని ఇల్లు అరుదు. ఆ రైల్వే పేరు పోయి, 1955 ఆగస్టు 1న ఆగ్నేయ రైల్వే ఏర్పడినది. కాగితములమీద గ్యాంగుమన్ ట్రాక్‌మన్ అయినాడు. ఆపై ట్రాక్ మెయింటెయినర్ అయినాడు. ఇంట మాత్రము ముసలివారు నేటికిని "మీ తాత గేంగులో చేసినాడు" అనియే చెప్పుదురు.

గ్యాంగ్ అనగా నేమి? పాత ఇంగ్లీషులోను, నార్స్‌లోను అది నడక. స్కాట్లండు మాండలికములో నేటికిని గ్యాంగ్ అనగా వెళ్లుట. నార్వేలో గాంగ్ అనగా నడక, ఇంటిలోని నడవ, మారు లేక పర్యాయము కూడ. కలిసి నడచువారి జట్టు క్రమముగా గ్యాంగైనది. పదునేడవ శతాబ్దమునకు పనివాండ్ర జట్టునకు ఆ పేరు వచ్చినది. దొంగల ముఠా అర్థము దానికి తోడైనది. మన భాషలోని నడవ కూడ నడకనుండి పుట్టినదే కదా! ఆ జట్టునకు పెద్ద మేటు. ఆ మాట ఉత్తర జర్మనీ తీరపు భాషనుండి ఓడవారి నోట ఇంగ్లీషునకు వచ్చినది. మూలార్థము కలిసి తినువాడు. ఆ తిండి మాటయే ఇంగ్లీషులో మీట్. కావున గ్యాంగుమేటు అనగా కలిసి నడచి కలిసి తినువాడు. ఎండలో పట్టాల ప్రక్కన చద్దిమూట విప్పి పంచుకొన్నవారికి ఈ అర్థము నిఘంటువు చెప్పకయే తెలియును.

పట్టాల క్రింద వేయు స్లీపరును నార్వేలో స్విల్లె యందురు. అదియును ఇంగ్లీషులో కిటికీ, గడపల అడుగు దూలమునకు చెప్పు సిల్ అను మాటయును అక్కచెల్లెండ్రు. పట్టాను వారు షిన్నె యందురు. ఇంగ్లీషులో షిన్ అనగా మోకాలి క్రింది ఎముక, దానికిది చుట్టము. రైలుబండి వారికి తోగ్, అనగా లాగబడునది. ఇంగ్లీషు టగ్ అదే వంశము.

కిటికీ మాట వచ్చినది గనుక ఒక నిమిషము ఆగవలెను. నాకు మిక్కిలి ఇష్టమైన మాట ఇది. ఇంగ్లీషు విండో నార్స్‌లో విండౌగ. విండ్ గాలి, ఔగ కన్ను. గాలికన్ను! పూర్వము ఇండ్లకు అద్దములు లేవు. గోడలోనో కప్పులోనో ఒక రంధ్రము, అందుండి పొగ పోవును, గాలి వచ్చును. అంతకుముందు ఇంగ్లీషువారికిని ఒక మాట కలదు, దానికి అర్థము కంటిరంధ్రము. ఇక మన గవాక్షమును విడదీసి చూడుడు: గో అనగా ఆవు, అక్షము కన్ను. ఆవుకన్ను. సముద్రములకు ఆవల చలిలో నున్నవాడును, ఇచ్చట ఎండలో నున్నవాడును గోడకు రంధ్రము చేసి వెనుకకు జరిగి చూచి, ఇల్లు తనను చూచుచున్నదనియే అనుకొన్నాడు. ఒకరినుండి యొకరు నేర్చినది కాదిది.

మన సంఘమునకు బైలాలు కలవు. గత సంవత్సరము వాటి సవరణమునకై ఎంత వాగ్యుద్ధము జరిగినదో సభవారెరుగుదురు. 'బై' నార్స్‌లో ఊరు. నార్వేలో నేటికిని పట్టణము. ఇంగ్లండులో గ్రిమ్స్‌బి, విట్‌బి, డెర్బి యనునవన్నియు ఆ ఊళ్ళే. 'లా' యును నార్స్ మాటయే, ఏర్పరచి ఉంచినది అని అర్థము. కావున బైలా అనగా ఊరికట్టు అని పలువురి అభిప్రాయము. చట్టమన్న తెలుగు మాటకు వడ్రంగి బిగించు చట్రమనియు అర్థముండుట ఇచ్చట తలచుకొనదగినది. నార్స్‌వారు ఊరికట్టులను నిర్ణయించుటకు కూడు సభకు 'థింగ్' అని పేరు. నార్వే శాసనసభ 1814నుండి స్టూర్టింగ్, అనగా మహాసభ. ఇంగ్లీషులోనో, సభ అన్న అర్థము పోయి, సభలో మాటలాడుకొను విషయమై, తుదకు చెంబు తప్పేల ఏదైనను థింగే అయినది. ఇది విడ్డూరమని నవ్వుటకు ముందు మన 'సంగతి'ని చూడుడు. సంస్కృతమున సంగతి అనగా కలయిక, కూడుట. తెలుగున "ఏమి సంగతి?" అన్నప్పుడు కూడిక ఎక్కడ మిగిలినది? పదిమంది కూడినచోట పుట్టునదే సంగతి గనుక రెండు దేశములలోను మాట ఒకే త్రోవ నడచినది.

అర్థము కుంచించుకొనుటకు ఒక్క జంట చెప్పెదను. ఇంగ్లీషులో డియర్ అనగా జింక. పాత ఇంగ్లీషులో అది ఏ జంతువైనను. నార్వేలో దీర్ అనగా నేటికిని జంతువే. ఇక మృగము: మొదట ఏ అడవి జంతువైనను మృగమే, పిదప సంస్కృతముననే జింక యను అర్థము ప్రబలినది. వంగీయునికి మృగమనగా జింక, తెలుగువానికి మృగమనగా క్రూరజంతువు. మన నార్వే తెలుగు, మన ఇంగ్లండు వంగము! అన్నము మూలార్థమున తినదగినది ఏదైనను, మనకు వరియన్నమే. ఇంగ్లీషు మీట్ మొదట ఆహారమాత్రము, నేడు మాంసము. నార్వేలో మాట్ అనగా ఇప్పటికిని భోజనమే.

నార్వేలో గిఫ్ట్ అను మాటకు రెండర్థములు: వివాహితుడు, విషము. భార్యాభర్తల హాస్యమునకు అచ్చట ఈ మాట చాలకాలముగా పనికివచ్చుచున్నది. రెండింటికిని మూలము ఇచ్చుటయే. కన్యను ఇచ్చుట మనకు తెలిసినదే, కన్యాదానమనుచున్నాము. విషమనకుండ 'ఇచ్చినది' అని మర్యాదగా చెప్పుట మొదటిది జర్మనువారి అలవాటు. మనవారు విషమును మందు అనుటలేదా? మందు పెట్టినారనగా వైద్యుడు పెట్టినట్లు ఎవరును తలపరు. రోగికి మందు, తుపాకికి మందు, సారాయికొట్టులో మందు. ఎవరు ఎచ్చట అనినారో చూచి అర్థము చెప్పవలెను.

పోలికలన్నియు చుట్టరికములు కావు. నార్వేలో బార్న్ అనగా శిశువు. ఇంగ్లీషులో బార్న్ ధాన్యపు కొట్టము. మొదటిది మోయబడినది, కనబడినది. సంస్కృత భృ ధాతువునకు చుట్టము. రెండవది యవల ఇల్లు. ఒకదానికొకటి సంబంధము లేదు. గ్రీకువారు నీటిని నెరో యందురని, అది మన నీరేయని కొందరు సంబరపడుదురు. వారి మాటకు కొత్తది, తాజాది యని మూలము. మన నీరు ద్రావిడము. శబ్దసామ్యముచే వంశవృక్షము గీయువారికి మన దేశమున కొదువ లేదు గనుక ఈ మాట చెప్పవలసివచ్చినది. క్రమముతప్పక అనేక మాటలలో కనబడు ధ్వనుల సంబంధమే ప్రమాణము. సంస్కృతమునకు గ్రీకు, లాటిను భాషలతో పోలికను విలియం జోన్సు 1786లో ఇచ్చటికి సుమారు 116 కిలోమీటర్ల దూరమున కలకత్తాలోనే చాటెను. తెలుగు, తమిళ, కన్నడములు సంస్కృతజన్యములు గాక వేరొక కుటుంబమని ఎల్లిసు 1816లో చెన్నపట్టణమున, క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణపు పీఠికలో నిరూపించెను. వంగభాషకును మనకును పుట్టుకలో చుట్టరికము లేదు. మధ్య సంస్కృతము పెట్టిన పెండ్లి సంబంధము మాత్రమే. అందుచేతనే పొరపాట్లు మెండు.

హిందీ, వంగ భాషలలో శిక్ష అనగా చదువు. మనకు దండన. 2001లో కేంద్రప్రభుత్వము సర్వశిక్షా అభియాన్ అను పథకమును ఆరంభించినప్పుడు తెలుగు బడిపిల్లలు భయపడుటలో తప్పు లేదు. శిక్షణ యను మాటలో మనకును పాత అర్థము మిగిలియే యున్నది. ఆలోచన మనకు ఒంటరిగా చేయునది, వారికి నలుగురితో చేయు చర్చ. వ్యాపారము మనకు వర్తకము, వారికి కేవలము విషయము. చేష్ట మనకు పిల్లల అల్లరి, వారికి ప్రయత్నము. దారుణమనగా మనకు ఘోరము. వారి యువకులకు బహు బాగున్నదని. మీ అమ్మాయి పాట దారుణముగ నున్నదని పొరుగువారు మెచ్చుకొన్నచో తల్లిదండ్రులు సంతోషింపవలెను. రాగ మనగా వారికి కోపము కూడ. మూలమున రాగము రంగు, ఎరుపు. ప్రేమలోను ముఖము ఎఱ్ఱబడును, కోపములోను ఎఱ్ఱబడును. మనము ఒకటి తీసికొంటిమి, వారు రెండవది.

వీటిలో కొన్ని నవ్వుతో పోవును. కొన్ని పోవు. మా వీధిలో ఒక తెలుగు ఇల్లాలి కుమార్తె వివాహమునకు ఏండ్లుగా నేస్తురాలైన వంగ ఇల్లాలు రాలేదు. పిలుపు పనివానిచేత పంపినారు, స్వయముగా పోయి బొట్టు పెట్టి పిలువలేదు, అదే కారణము. ఆమె ఏమనుచున్నదని ఈమె కబురడుగగా, "అభిమాన్" అని జవాబు వచ్చినది. ఈమెకు ఎంతో తృప్తి కలిగినది. అభిమానము గలదు, పాపము, ఏదో పనివలన రాలేకపోయినది అని ఊరకుండెను. అచ్చట ఆమె, తనకు మనస్సు నొచ్చినదని చెప్పి పంపినను బుజ్జగించుటకు ఎవరును రాకపోవుటచే మరింత కుములుచుండెను. వంగభాషలో అభిమానమనగా, కావలసినవారిమీద, వారు తెలిసికొని వచ్చి ఓదార్తురను ఆశతో, తలుపు సగము తీసియుంచి పడు నొప్పి. పరాయివారిమీద అది కలుగదు. నాలుగు నెలలు గడచినవి. వంగ బడిలో చదువుకొను రెండవ కూతురు ఒకనాడు, "అమ్మా, అభిమాన్ అనగా నీవనుకొన్నది కాదు, అలుక" అని చెప్పినది. ఆ సాయంకాలమే ఆ తల్లి అరిసెల డబ్బా చేతబట్టుకొని బయలుదేరినది. పారిజాతమునకై సత్యభామ అలిగిన కథ ఎరిగిన మనకు ఆ మాటకు ఇంతకంటె సరియైన తెలుగు లేదు. ఆ పిల్ల నిఘంటుకారులెవరికిని తీసిపోదని నా నిశ్చయము.

పేర్లును ఇట్లే మనుష్యులను విడిచి పోవును. ప్లాసీ యుద్ధము జరిగిన 1757నాటి ప్రాంతమున క్లైవు చెన్నపట్టణమునుండి తెచ్చిన సిపాయిలవలన వంగదేశమున సిపాయికే తెలింగా యని పేరు వచ్చినది. 1857లో ఢిల్లీలో తిరుగుబాటు చేసిన అవధు ప్రాంతపు సిపాయిలను, తెలుగుదేశమును కలలోనైన చూడనివారిని, నగరవాసులు తిలంగాలనిరి. ఇంగ్లీషువారు వేల్సువారికి పెట్టిన పేరు మూలమున పరాయివాడని అర్థమిచ్చును. వాల్‌నట్టులోని వాల్ అదియే, నార్వేలో వాల్‌నోత్, పరదేశపు కాయ. మనము సీమచింత యనుటలేదా? చెట్టుకైనను మనిషికైనను మొదటి పేరు పొరుగువాడు పెట్టునదే నిలుచుట కద్దు.

నార్వేవారి చరిత్రలో మనము మరువరాని పురుషు డొకడు కలడు, ఈవార్ ఓసెన్. నాలుగువందల యేండ్లు డెన్మార్కు ఏలుబడిలోనుండి నార్వేవారు డేనిషు భాషలోనే వ్రాయుచుండిరి. రైతుబిడ్డ యగు ఓసెన్ 1842 మొదలు 1846 వరకు పల్లెపల్లెకు తిరిగి, జనుల నోటి మాటలు సేకరించి, 1848లో వ్యాకరణమును 1850లో నిఘంటువును ప్రకటించెను. నేడు నార్వేకు గల రెండు వ్రాతరూపములలో ఒకటి ఆయన చలువ. శ్రీకాకుళపు సీమలో 1863 ఆగస్టు 29న పుట్టి, పర్లాకిమిడిలో బ్రదికి, తెలుగు వాడుక భాషకై పోరాడి, అడవిలోని సవరల భాషకు వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు మన ఓసెన్. ఆయన ఈ సభలోనుండి నా ఈ గ్రాంథికమును వినినచో ఏమందురో నేనూహింపగలను. మన తాతలు బయలుదేరి వచ్చిన ఊళ్ళు ఆయన తిరిగిన ఊళ్ళే. గుంటడు, గుంట, ఏటి, ఓలమ్మ యను మాటలను విని ఇతర జిల్లాలవారు నవ్వినను పిల్లలు సిగ్గుపడనక్కరలేదు. ఇంగ్లీషు గర్ల్ సైతము మొదట ఆడ మగ భేదము లేక పిల్లలందరికిని చెల్లెడి మాట.

తుదిగా ఒక చిన్న విషయము. వంగభాషలో కాల్ అనగా నిన్నయు రేపును. పొర్‌శు అనగా మొన్నయు ఎల్లుండియు. సందర్భమునుబట్టి వారికి తికమక లేదు. పాత ఇంగ్లీషులో ఎల్లుండికి ఒఫెర్‌మోర్గెన్ అను ఒక్క మాట యుండెను. నార్వేవారు ఓవర్‌మోర్న్ అని నేటికిని వాడుచున్నారు. ఇంగ్లీషువారు పోగొట్టుకొని 'రేపటి తరువాతి దినము' అని నాలుగు మాటలలో ఈడ్చుచున్నారు. మన కాలనీలో చిన్నపిల్లలు నిన్న, రేపు రెంటికిని కల్ అనుటయు, ఎల్లుండి యనగా తెల్లబోవుటయు నేను వినుచున్నాను. మొన్న, అటుమొన్న, ఎల్లుండి యను మాటలు వారి బామ్మల నోట నున్నవి. ఆ బామ్మలు మన ఇండ్లలోనే యున్నారు.

కార్యదర్శిగారి అనుమతితో ఒక ప్రకటన: ఎల్లుండి, అనగా ఆదివారము, సాయంకాలము ఐదు గంటలకు ఇచ్చటనే పెద్దలు తమకు జ్ఞప్తియున్న ఊరి మాటలు చెప్పుదురు, పిల్లలు వ్రాసికొందురు. వంటయింటి మాటలు, పొలపు మాటలు, గ్యాంగు మాటలు, ఏవైనను సరే. పిల్లలు నోటుపుస్తకము తెచ్చుకొనవలెను. తెలుగు లిపి రానివారు వంగ లిపిలో వ్రాసినను అభ్యంతరము లేదు. కుర్చీలు చాలవు గనుక చాపలు కూడ తెప్పించుచున్నాము.